రెండు వందల పద్దెనిమిది మాటలు

కుట్టు దుకాణం,
జూన్ 4

ఒరేయ్ చిన్నోడా,

పదకొండేళ్ళలో నీకు నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. పెళ్ళిళ్ళలోనో చావుల దగ్గరో కనబడి, "బాగున్నావా అక్కా" అని, జవాబు వినకుండానే బస్సు టైమైందని వెళ్ళిపోయే తమ్ముడికి రాయడమేంటని నాకే సిగ్గేసింది. అయినా అవసరం అలాంటిది.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. మాది ఒక గది, ఒక హాలు. ఏ మూల నిలబడి మాట్లాడినా మీ బావ చెవిన పడుతుంది. నీ ఊసెత్తితే ఆయనది ఒకటే మాట: "వాడికి మనమీద కోపం. వాడి మానాన వాణ్ణి ఉండనీ." పోనీ దుకాణం నుంచి చేద్దామంటే నాలుగు మిషన్ల రొద, ముగ్గురు ఆడవాళ్ళ చెవులు. అందుకని గుండీలు కుట్టే వంకతో మూల కూర్చుని రాస్తున్నాను. జవాబు కూడా దుకాణానికే రాయి.

ఇంట్లో కంప్యూటర్ సంగతి. పెట్టిన ఇరవై నిమిషాలకే సలసల కాగిపోయి దానంతటదే ఆగిపోతోంది. లోపలి ఫ్యాను మోత నా కుట్టు మిషన్‌కి తాతలా ఉంది. అది చాలదన్నట్టు జాగా లేదు, జాగా లేదు అని తెర మీద గొడవ. అమ్మాయి ఉద్యోగానికి వెళ్తూ వదిలేసిన సినిమాలు, ఫోటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. వీధి చివరి కంప్యూటర్ కొట్టువాడు చూసి, "అమ్మా, దీన్ని మ్యూజియానికి ఇచ్చేసి కొత్తది కొనుక్కోండి" అన్నాడు.

నాకు కొత్తది వద్దు. కొత్తది నేర్చుకునే తీరిక లేదు. ఇదే చల్లగా, మోత లేకుండా, ఓ గంటసేపు ఆగకుండా నడవాలి. అన్నిటికన్నా ముఖ్యం మోత లేకుండా. ఎందుకని అడక్కు. నాకు పని ఉంది.

మీ అక్క

*

రిపేరు షాపు,
జూన్ 11

అక్కకి,

నీ ఉత్తరం తొమ్మిదిన అందింది. కొట్టువాడి మాట పట్టించుకోకు. ఆ పెట్టె ఇంకా నాలుగేళ్ళు నడుస్తుంది.

ముందు కరెంటు తీగ తీసేసి, పక్క రేకు విప్పు. వెనక రెండే స్క్రూలు. లోపల బూజు కనబడుతుంది. నీ మిషన్లో దూది నలుసులు తీసే బ్రష్షుంది కదా, అలాంటిదే పొడిది తీసుకుని దులుపు. ఫ్యాను రెక్కని వేలితో పట్టుకుని దులుపు, గిర్రున తిరగనివ్వకు. తడిబట్ట పెట్టకు. ఫ్యాను కింద లోహపు దిమ్మ ఉంటుంది, దాని కింద ప్రాసెసర్. రెండింటి మధ్య పూసిన పేస్టు ఏళ్ళు గడిస్తే సుద్దలా ఎండిపోతుంది. అప్పుడు వేడి పైకెక్కదు. కొత్త పేస్టు ట్యూబు పార్సెల్‌లో పెడుతున్నాను. పాతది తుడిచేసి, బియ్యపు గింజంత పెట్టు. ఎక్కువ పెడితే మంచిదనుకోకు.

ర్యామ్ పెంచమంటారు. పెంచితే వేడి తగ్గదు. వద్దను.

వేడి ఎంతుందో చూపే చిన్న ప్రోగ్రామ్ ఎలా పెట్టుకోవాలో వెనక పేజీలో రాశాను. రోజుకి మూడుసార్లు ఆ అంకె రాసి పంపు. అంకెలుంటే ఇక్కడ కూర్చునైనా చెప్పగలను.

జాగా కోసం ఏ ఒక్క ఫైలూ తుడిచేయకు. ఎవరు చెప్పినా తుడిచేయకు. నేను చెప్పినా సరే. ముందు అన్నిటి పేర్లూ రాసి పంపు.

ఇంట్లో అందరూ క్షేమమని తలుస్తాను.

తమ్ముడు

*

కుట్టు దుకాణం,
జూన్ 17

చిన్నోడా,

రేకు విప్పగానే తుమ్ములే తుమ్ములు. లోపల దొరికిన బూజుతో ఓ చిన్న దిండు కుట్టొచ్చు. పేస్టు కూడా నువ్వు చెప్పినంతే పెట్టాను. గుండీ రంధ్రాలు కుట్టే చెయ్యి నాది, గింజకి గింజన్నర అవ్వలేదు.

ఇవిగో నీ అంకెలు. పొద్దున ఏడింటికి నలభై ఎనిమిది. మధ్యాహ్నం యాభై మూడు. సాయంత్రం నాలుగున్నరకి తొంభై నాలుగు, వెంటనే ఆగిపోయింది. మర్నాడు నలభై తొమ్మిది, యాభై రెండు, తొంభై ఐదు. ఆ తర్వాతా అంతే. దానికి సాయంత్రం జ్వరం వస్తోంది.

ఫైళ్ళ పేర్లు ఏడు కాగితాలయ్యాయి. ఏంట్రా అంత భయం? ఓ పాత సినిమా తుడిచేస్తే కొంప మునిగిపోతుందా?

మీ అక్క

*

రిపేరు షాపు,
జూన్ 23

అక్కకి,

ఈ అంకెలు పొసగవు. ప్రాసెసర్ చల్లగానే ఉంది. ఫ్యాను పనిచేస్తోంది. పొద్దున, మధ్యాహ్నం లేని వేడి సాయంత్రం ఒక్కసారే నలభై డిగ్రీలు ఎక్కిందంటే అది పెట్టె తప్పు కాదు. దానికి గాలి ఆడటం లేదు. ఎవరో ఏదో అడ్డం పెడుతున్నారు.

నాలుగింటికి నువ్వు ఏం చేస్తున్నావు? పేషెంటు సగం దాస్తే డాక్టరు ఏం చేస్తాడు? ఉన్నదున్నట్టు రాయి.

ఫైళ్ళు దాచే కొత్త రకం డిస్కు, ఎస్‌ఎస్‌డి అంటారు, ఒకటి పంపుతున్నాను. అరచేతిలో సగం ఉంటుంది. అందులో తిరిగే చక్రం లేదు కాబట్టి మోత ఉండదు, వేడీ తక్కువ. ఇంకా బిగించకు. నీ జవాబు చూశాక చెప్తాను.

తమ్ముడు

*

కుట్టు దుకాణం,
జూన్ 29

చిన్నోడా,

సరే, విను. తిట్టుకో.

కంప్యూటర్‌కి నేనొక తొడుగు కుట్టాను. రెండు పొరల బట్ట, మధ్యలో దూది, అంగుళానికో అడ్డకుట్టు. వెనక తీగలకి కాజా కూడా తీశాను. కొలతంటే కొలత, పెట్టెకి చొక్కా తొడిగినట్టుంటుంది. నాలుగింటికి తొడుగుతాను, మోత వినబడదు. ఐదింటికి తీసేస్తాను. నా కుట్టుపనిలో ఇంత నీటుగా వచ్చింది ఇంకోటి లేదు. అదే దాని పీక నొక్కుతోందని నీ ఉత్తరం చూశాకగానీ తట్టలేదు.

మోత ఎందుకు వద్దంటే, మీ బావ గొంతు రికార్డు చేస్తున్నాం.

గొంతులో గడ్డ. చెడ్డదే. వచ్చే నెల ఇరవై మూడున ఆపరేషన్. స్వరపేటిక మొత్తం తీసేస్తారట. ఊపిరికి మెడ దగ్గర రంధ్రం పెడతారు. ఆ తర్వాత మాట ఉండదు. ముప్ఫై ఏళ్ళు బస్టాండు మైకులో "ప్రయాణికులకు మనవి" అన్న మనిషి. ఊళ్ళో ఆయన మొహం తెలియనివాళ్ళకి కూడా ఆ గొంతు తెలుసు. ఇప్పుడది చిరిగిన కాగితంలా ఉంది, రోజులో ఓ గంట మాత్రం కాస్త పలుకుతుంది. అదే నాలుగింటి గంట.

ఆస్పత్రిలో ఒకావిడ చెప్పింది, రేపు అవసరమయ్యే మాటలన్నీ ఇప్పుడే సొంత గొంతుతో రికార్డు చేసి పెట్టుకోమని. తర్వాత మీట నొక్కితే ఆ మాట వినబడుతుంది. మేం జాబితా రాసుకున్నాం. "నీళ్ళు కావాలి." "ఎవరండీ, వస్తున్నా." "అమ్మాయీ, తిన్నావా?" "కాసేపు నా పక్కన కూర్చో." "నొప్పిగా లేదు." ఈ చివరిది అబద్ధానికి పనికొస్తుందట. నన్ను భోజనానికి పిలవడానికి మైకు గొంతుతో, "ప్రయాణికులకు మనవి, భోజనం చల్లారుతున్నది." నవ్వు కూడా ఒకటి ఉండాలన్నారు. నవ్వమంటే వస్తుందా? మూడు రోజులు ప్రయత్నించాం. చివరికి నేను కుర్చీలోంచి జారి కిందపడితే వచ్చింది.

ఇప్పటికి తొంభై ఆరు మాటలు.

అసలు బాధ వేరే ఉంది. రికార్డు మీట నొక్కేది నేను, ఆపేది నేను. ఆయన కంప్యూటర్‌ని ముట్టుకోరు. దాని ముందు కూర్చుంటే చేతులు వెనక్కి కట్టుకుంటారు. పదకొండేళ్ళుగా ఇంతే. ఎందుకో నీకు తెలుసు. ఆయన సరిగ్గా ఆపకుండా తీగ పీకడం వల్లే డిస్కు పోయిందని, వాళ్ళమ్మ గొంతంతా అందులోనే పోయిందని. ఆవిడ ఆఖరి ఏడాది రోజూ పక్కన కూర్చుని రికార్డు చేసుకున్నారు కదా. "నా చెయ్యి మంచిది కాదు, నువ్వే నొక్కు" అంటారు. ఆపరేషన్ అయ్యాక నేను దుకాణంలో ఉంటే ఎవరు నొక్కాలి? మాటలన్నీ పెట్టెలో ఉండి, మనిషి దాని ముందు మూగగా కూర్చోవాలా?

ఆ రోజు నీ షాపులో అందరి ముందూ నువ్వన్న మాట ఆయన మర్చిపోలేదు. నేను దాన్ని తవ్వను. నీకూ కోపం వచ్చి ఉంటుంది, చదువులేనివాడివని ఆయన ఏదో అన్నారు కదా. కోపం పోయిందని ఒక్క ముక్క రాయి. "బావా, మీరు ముట్టుకోండి, ఏం కాదు" అని రాయి. ఇంకెవరు చెప్పినా నమ్మరు. నువ్వు చెబితే నమ్ముతారు.

మీ అక్క

*

రిపేరు షాపు,
జూలై 5

అక్కకి,

తొడుగు తీసెయ్యి. ఇంకెప్పుడూ వెయ్యకు.

మోత ఆపడానికి పెట్టెని మూయక్కర్లేదు, దూరం పెడితే చాలు. పెట్టెని గది బయట, తలుపవతల స్టూలు మీద పెట్టు. తెర, కీబోర్డు, మైకు లోపల. పొడవాటి తీగలు మూడు పంపుతున్నాను, తలుపు కింది సందులోంచి దూరతాయి. తలుపు వేసుకుంటే ఏమీ వినబడదు. నువ్వు కుట్టిన దాన్ని గోడకి, మైకు వెనకాల వేలాడదీయి. గదిలో గొంతు మారుమోగదు. అక్కడ దానికి పని ఉంది.

పాత ఫ్యాను తీసేసి ఇది పెట్టు. పెద్ద రెక్కలు, నెమ్మదిగా తిరుగుతుంది, గాలి అంతే ఇస్తుంది. కొత్త ఎస్‌ఎస్‌డిలోకి అన్నీ కాపీ చేసే పద్ధతి విడిగా నాలుగు పేజీల్లో రాశాను. కాపీ అయ్యాక, బావ మాటలు అన్నీ వినబడుతున్నాయని ఒక్కొక్కటీ విని చూసుకున్నాకే పాత డిస్కుని పక్కన పెట్టు. అప్పుడు కూడా తుడవకు. ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో నీ దుకాణంలో ఉంచు. మూడోది నాకు పంపు.

ఒట్టి అంకెలున్న చిన్న కీబోర్డు కూడా పార్సెల్‌లో ఉంది. ఒక్కో మాటకి ఒక్కో అంకె. అంకె కొట్టి పెద్ద మీట నొక్కితే మాట వినబడుతుంది. ప్రోగ్రామ్ నేనే రాశాను. ఏది నొక్కినా ఏదీ చెరిగిపోదు. అలా రాశాను.

మిగతా సంగతి తర్వాత రాస్తాను. పని ఎక్కువగా ఉంది.

తమ్ముడు

*

కుట్టు దుకాణం,
జూలై 11

చిన్నోడా,

నేనడిగింది ఒక్క ముక్క. నువ్వు రాసింది తీగల గురించి, రెక్కల గురించి ఆరు పేజీలు. "పని ఎక్కువగా ఉంది"ట! ఒక మనిషి గొంతే పోతుంటే నీకింకా కోపం చల్లారలేదంటే నేనేమనాలి?

పని మాత్రం బాగా అయింది, అదీ చెప్పాలి. పెట్టె తలుపవతల చల్లగా పడుంది. నలభై ఆరు దాటడం లేదు. గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే ఆయన గుటక వేయడం కూడా రికార్డవుతోంది. నిన్నొక్కరోజే ముప్ఫై ఒక్క మాటలు. మొత్తం రెండు వందల పద్దెనిమిది. ఇంక గొంతు లేవడం లేదు. డాక్టరు చాలన్నాడు. మేమూ చాలనుకున్నాం.

నీ అంకెల కీబోర్డు మొన్న ఒడిలో పెట్టాను. పార్సెల్ మీద నీ రాత చూసి అప్పటికే పట్టేశారు.

"ఇంజినీరు పంపాడా?" అన్నారు. నిన్నింకా అలాగే అంటారు.

"ఆ. నొక్కండి, ఏం కాదు. ఏదీ చెరిగిపోకుండా రాశాడట."

"వాడు బానే రాసుంటాడు. వాడి పనిలో లోటుండదు. నా చేతి సంగతే నాకు నమ్మకం లేదు."

"అయితే నన్నేమని పిలుస్తారు రేపు?"

"చప్పట్లు కొడతాలే. పెళ్ళిచూపుల్లో కాఫీకి మీ నాన్న కొట్టినట్టు" అని నవ్వబోయారు. దగ్గొచ్చింది. వేలు మీట దాకా వెళ్ళింది. అంగుళం దూరంలో ఆగి, మళ్ళీ వెనక్కి. అరవై మూడేళ్ళ మనిషి, అట్టముక్క మీద ఉన్న ప్లాస్టిక్ బిళ్ళకి భయపడి చేతులు వెనక దాచుకుంటే నేను చూడలేకపోయాను రా.

పన్నెండు రోజులుంది. రాస్తే రాయి, లేకపోతే లేదు.

అక్క

*

రిపేరు షాపు,
జూలై 16

అక్కకి,

నాకు ఏ రోజూ కోపం లేదు. కోపమని మీరనుకున్నారు, నాకు సులువుగా ఉందని నేను కాదనలేదు.

రోజూ ఏ మెషిన్ వచ్చింది, దానికేం చేశాను అన్నది పుస్తకంలో రాసుకోవడం నాకు అలవాటు. ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నవాడిని కాబట్టి, చేసిన తప్పు రాసుకుంటేనే మళ్ళీ చేయను. ఆ పుస్తకాల్లో ఇంతవరకు ఒక్క పేజీ చింపలేదు. ఇప్పుడు ఒకటి చింపి దీనితో పెడుతున్నాను. పని మధ్యలో గిలికింది కాబట్టి చదవడం కష్టమవుతుంది, కింద మళ్ళీ రాస్తున్నాను.

"మంగళవారం. వచ్చినవి పద్నాలుగు. ఏడోది బావది. నిదానంగా ఉంది, వేరే లోపం లేదు. డిస్కు బాగుంది. రెండు భాగాలూ తుడిచేసి అంతా కొత్తగా ఎక్కించాను. కాపీ కావాలా అని అడగలేదు. సొంత బావే కదా అని అడగలేదు. సాయంత్రం బావ వచ్చారు. వాళ్ళమ్మగారి గొంతు అందులో ఉందన్నారు. డిస్కు పాడైందని చెప్పాను. ‘చదువు లేని చేతికిస్తే ఇంతే’ అన్నారు. షాపులో ఐదుగురున్నారు. ‘మీరు తీగ పీకడం వల్ల పోయింది, మీ చెయ్యి పడ్డ మెషిన్ ఏదైనా ఇంతే’ అన్నాను. ఆయన నమ్మారు. తలొంచుకుని వెళ్ళిపోయారు."

ఆ మర్నాడే నిజం చెబుదామనుకున్నాను. మర్నాడు చెప్పనిది వారానికి ఇంకా కష్టమైంది. ఏడాదికి అసాధ్యమైంది. అందుకే మీ గుమ్మం తొక్కలేదు. పెళ్ళిళ్ళలో బావ నా ముందు తప్పు చేసినవాడిలా పక్కకి తప్పుకునేవారు. అది చూడలేక బస్సు టైమైందనేవాణ్ణి.

ఇంకోటి కూడా ఉంది. ఆ డిస్కు నా దగ్గరే ఉంది. పోయింది తిరిగి రాబట్టాలని నాలుగు నెలలు దాని మీద కూర్చున్నాను. తుడిచిన చోట కొత్తవి రాసేశాను కాబట్టి చాలావరకు పోయింది. నలభై సెకన్లు దొరికింది. ఆవిడ మాట. ఎవరితోనో, "ఆ కిటికీ వేసి రా నాయనా, జల్లు పడుతోంది" అంటున్నారు. తర్వాత ఏదో సగం మాట. ఇచ్చానంటే, పాడైన డిస్కులోంచి ఎలా వచ్చిందని అడుగుతారు. అందుకని ఇవ్వలేదు. ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో పంపుతున్నాను.

బావకి చదివి వినిపించు. ఆయన చేతిలో ఏ దోషమూ లేదు. ఎప్పుడూ లేదు. నన్ను ఏమన్నా సరే అనమను. ఆయనకి గొంతుండగానే అనమను.

తమ్ముడు

*

కుట్టు దుకాణం,
ఆగస్టు 19

తమ్ముడికి,

నీ ఉత్తరం పోయిన నెల పంతొమ్మిదినే అందింది. ఇక్కడే, మిషన్ ముందు నిలబడి చదివాను. తర్వాత ఆ రోజు ఏం కుట్టానో నాకు తెలియదు. సాయంత్రం చూస్తే ఒక చొక్కాకి రెండు చేతులూ ఒకే వైపువి కుట్టి ఉన్నాయి.

నిన్ను ఏమనాలో నాకింకా తెలియలేదు. మా అత్తగారి పక్కన కూర్చుని రోజూ ఆ మైకు పట్టుకున్నది నేను కూడా. అది పోయాక నెల రోజులపాటు ఆయన అన్నం ముందు కూర్చుని ఎన్నిసార్లు లేచిపోయారో నేను చూశాను. తీగ పీకిన చెయ్యి ఇదేనని కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చునేవారు. నువ్వు పక్క ఊళ్ళో పుస్తకంలో రాసుకుని కూర్చున్నావు. సరే.

ఇప్పుడు నా తప్పు వినిపిస్తాను.

నేను ఆయనకి చదవలేదు. అప్పటికింకా నాలుగు రోజులుంది. రక్తపోటు పెరగకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఆపరేషన్ ముందు ఈ మాట చెబితే మనిషి ఏమవుతాడోనని, నీ ఉత్తరం, ఆ పేజీ, ఆ పెన్‌డ్రైవ్ అన్నీ మిషన్ సొరుగులో పెట్టి తాళం వేశాను. తర్వాత చెప్పొచ్చులే అనుకున్నాను. నువ్వు మర్నాడు చెబుదామనుకున్నట్టే.

ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డ మొత్తం పోయిందన్నారు. పదహారో రోజు ఇంటికొచ్చారు. నాలుగు రోజులు చప్పట్లతో, సైగలతో గడిపాం. ఆ రోజుల్లో నేను దుకాణానికి వెళ్ళలేదు. ఐదో రోజు దుకాణం సొరుగులోంచి అన్నీ తెచ్చి, తలుపు వేసి పక్కన కూర్చుని నీ ఉత్తరం చదివాను. మొత్తం చదివాను, ఒక్క ముక్క వదల్లేదు. ఆయన మొహంలో ఏమీ మారలేదు. చెయ్యి చాచి ఆ పేజీ తీసుకుని తనే మళ్ళీ చదివారు. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ పూటా, మర్నాడూ అంతే.

మూడో రోజు నేను బట్టలు ఆరేస్తుంటే లోపల్నుంచి మా అత్తగారి మాట వినబడింది. "ఆ కిటికీ వేసి రా నాయనా." చేతిలో తడిచీర అలాగే కిందపడింది. పరిగెత్తి వెళ్ళి చూస్తే, కంప్యూటర్ ఆయనే పెట్టుకున్నారు. పెన్‌డ్రైవ్ ఆయనే గుచ్చుకున్నారు. కుడిచేత్తోనే. నలభై సెకన్లు అవగానే మళ్ళీ మొదట్నుంచి. అలా ఎన్నిసార్లు విన్నారో. ఏడిస్తే ఇప్పుడు చప్పుడు రాదు, మెడ దగ్గర గాలి మాత్రం వస్తుంది.

అప్పట్నుంచి అంకెల మీట వదలడం లేదు. నన్ను పిలుస్తున్నారు, అమ్మాయితో ఫోన్లో మాట్లాడుతున్నారు, నేను తిడితే ఆ దొంగ నవ్వు కొట్టి నన్ను ఇంకా ఉడికిస్తున్నారు. వీధిలో ఎవరో తలుపు తడితే "ఎవరండీ, వస్తున్నా" అని పాత గొంతు ఖంగున వినబడి, పక్కింటాయన జడుసుకున్నాడు. ఇదంతా నీవల్లేనని కూడా నాకు తెలుసు. నువ్వు పోగొట్టింది, నువ్వు చేసిపెట్టింది రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయి. విడదీసి చూడటం నాకు చేతకావడం లేదు.

నిన్న నీకు ఉత్తరం రాస్తానన్నాను. ఆగమని చెయ్యి చూపించి, ఫోన్లో వినిపిస్తానని సైగ చేశారు. నీకు తన గొంతుతోనే చెప్పాలని. నంబరు కలపడానికి ముందు జాబితా కాగితాలు ముందేసుకుని కూర్చున్నారు. మొదటి మాట నుంచి రెండు వందల పద్దెనిమిదో మాట దాకా వేలు పెట్టి చూసుకుంటూ వచ్చారు. నాకున్నాయి. అమ్మాయికున్నాయి. డాక్టరుకి, పాలవాడికి, తలుపు తట్టిన పరాయివాడికి ఉన్నాయి. మళ్ళీ మొదట్నుంచి చూశారు. ఆ మాటలు రాసుకున్న రోజుల్లో నువ్వు మా ఇంట్లో లేవు, మా మాటల్లో లేవు. నీకోసం ఏదైనా ఒకటి చేర్చుదామని మా ఇద్దరికీ తట్టలేదు. నేను ఆ నాలుగు రోజుల్లో చదివుంటే, పోతున్న గొంతుతోనే ఒక్కటైనా అనివుండేవారు.

కాగితాలు మడిచి నా చేతిలో పెట్టారు. నువ్వు రాయి అన్నట్టు చూశారు.

ఏం రాయను? నిన్ను తిట్టడానికీ అందులో మాట లేదు రా, రమ్మనడానికీ లేదు.

అక్క